వేరుశనగలో కాండం కుళ్ళు వైరస్ తెగులు - వయ్యారిభామ పుప్పొడి పాత్ర

చామంతి కుటుంబానికి చెందిన విదేశీ మొక్కలలో బంతి వంటివి పెరటి పూలమొక్కలుగా స్థిరపడగా, వయ్యారిభామ ఏ సంరక్షణా లేకుండానే బీళ్ళు, బాటలు, పొలం గట్లను ఆక్రమించింది. ఉష్ణమండల అమెరికాకు చెందిన ఈ కలుపును మన దేశంలో 1955లో పుణెలో గుర్తించారు. ఒక్కో మొక్క 15 నుండి 25 వేల విత్తనాలను ఉత్పత్తి చేయగలదు. మనుషులలో చర్మవ్యాధులు, ఉబ్బసం కలిగించే మొక్కగా ఇది అందరికీ తెలిసినదే. బెళుగుప్ప వంటి వేరుశనగ మండలాలలో దీనివల్ల మరొక ప్రమాదం కూడా ఉంది.

ఏటా సగటున సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో 2000 ఖరీఫ్‌లో వేరుశనగ మొక్కలు పెద్దఎత్తున ఎండిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతినగా, నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా ఉంటుందని అంచనా వేశారు. తొలుత దీనిని మొవ్వు కుళ్ళుగా భావించినప్పటికీ, కారకం టొబాకో స్ట్రీక్ వైరస్ అని ఇక్రిశాట్ పరీక్షలలో తేలింది.

వ్యాప్తి విధానం

వైరస్ సోకిన వయ్యారిభామలో ఎటువంటి లక్షణాలూ కనిపించవు. అయితే దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పూలను ఆశ్రయించే తామర పురుగులు ఈ పుప్పొడిని వేరుశనగ ఆకులపైకి చేరవేస్తాయి. అవి గీకి రసం పీల్చినప్పుడు ఏర్పడే గాయాల ద్వారా వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది. లేత ఆకులపై గోధుమరంగు మచ్చలు ఏర్పడి, కాడలు, కాండం, మొవ్వు క్రమంగా ఎండిపోతాయి. తొలి నెలలో తెగులు సోకిన మొక్కలు సాధారణంగా చనిపోతాయి.

వేరుశనగ పూలలో పుప్పొడి వెలుపలికి రాదు. అందువల్ల పంటలో ఒక మొక్క నుండి మరొక మొక్కకు తెగులు వ్యాపించడం స్వల్పం. తెగులు సోకిన వేరుశనగ మొక్కలను పీకివేయడం కంటే గట్లపై పూచే వయ్యారిభామను తొలగించడం ముఖ్యమని దీనినిబట్టి గ్రహించాలి.

యాజమాన్యం

తొలకరికి మొలిచే వయ్యారిభామ సుమారు 4-6 వారాలలో పూతకు వస్తుంది. వేరుశనగ లేతదశలో ఉండే సమయం కూడా అదే. కనుక పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతి తొడుగులు ధరించి మొక్కలను వేళ్ళతో పెకలించాలి. ఖాళీ అయిన చోట తంటెం వంటి పోటీ మొక్కలను పెంచవచ్చు. విత్తే సమయంలోనే పొలం చుట్టూ జొన్న లేదా సజ్జను సరిహద్దు వరుసలుగా వేస్తే గాలిలో వచ్చే తామర పురుగులను కొంతవరకు అడ్డుకోవచ్చు.

పుప్పొడికి, పురుగులకు పొలం హద్దులు లేవు. ఒక రైతు తన గట్టును శుభ్రపరచినా, పక్కనున్న బీడులో పూత మిగిలితే ప్రమాదం తొలగదు. విస్తరణ సిబ్బంది ఈ పనిని గ్రామ స్థాయిలో, విత్తనానికి ముందే చేపట్టించడం అవసరం.