చిన్నారులు – అంతర్జాల భద్రత

బావి గట్టున ఆడుకునే పసివాణ్ణి పెద్దలు ఒక కంట కనిపెట్టి ఉంటారు. అదే పసివాడు సెల్‌ఫోను చేతబట్టి గదిలో ఒంటరిగా కూర్చుంటే, ఇంట్లోనే ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఉంటారు. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు ప్రాథమిక తరగతుల పిల్లలకు సైతం సెల్‌ఫోనే పలక అయింది. బడులు తెరిచిన తరువాత కూడా ఎందరికో ఆ అలవాటు పోలేదు.

అంతర్జాలంలో అపాయం తరచుగా స్నేహరూపంలో వస్తుంది. ఆటలో జతకలిసిన అపరిచితుడు పిల్లల పేరు, చదివే బడి, ఛాయాచిత్రం అడుగుతాడు. బహుమతి ఆశ చూపి, తండ్రి ఫోనుకు వచ్చిన ఓటీపీని చెప్పించుకుంటాడు. ‘ఇంట్లో చెప్పవద్దు’ అని షరతు పెడతాడు. ఆ షరతే ప్రమాదానికి గుర్తు అని పిల్లలకు నేర్పాలి.

బడిలో కంప్యూటర్ తెరలను ఉపాధ్యాయునికి కనిపించేటట్లు అమర్చాలి. పాస్‌వర్డ్‌ను ప్రాణస్నేహితునికైనా చెప్పరాదని బోధించాలి. ఇంట్లో నలుగురూ మసలే చోటనే ఫోను వాడనివ్వాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పొరపాటు జరగవచ్చు. తిడతారనో, ఫోను లాక్కుంటారనో భయపడి పిల్లలు దానిని దాస్తారు. ఆ మౌనం మోసగానికి అలుసవుతుంది. కావున పిల్లలు చెప్పుకున్నప్పుడు మందలించక, ముందుగా ఓపికతో వినాలి. వచ్చిన సందేశాలను చెరిపివేయక సాక్ష్యంగా భద్రపరచాలి. ఆపదలో ఉన్న బాలల కోసం 1098కు, సొమ్ము పోయినట్లయితే 1930కు వెంటనే ఫోను చేయాలి.

విద్యార్థులారా! మీ తమ్ముడో, చెల్లెలో అమ్మానాన్నలకు చెప్పలేని మాటను మొదట మీతోనే చెప్పవచ్చు. ఎగతాళి చేయక విని, వారిని వెంటబెట్టుకొని వెళ్లి పెద్దలకు తెలియజేయడం మీ బాధ్యత.