పెరటి కనకాంబరము

పరిమళము లేని పువ్వునకు మన్నన లేదని లోకము తలచును. కనకాంబరమునకు పరిమళము బొత్తిగా లేదు. అయినను తెలుగింటి ఆడపడుచుల జడలలో అది మల్లెకు సరిజోడై నిలిచియున్నది. మల్లె తెల్లవారునప్పటికి వాడిపోవును. కనకాంబరము మాల గట్టిన పిమ్మటను వన్నె తరుగక యుండును. ఓర్పు కూడ నొక గుణమే గదా!

ఈ మొక్కకు దక్షిణ భారతమును సింహళమును జన్మభూములు. లిన్నేయసు పండితుడు 1759లో దీనికి లాటిను పేరు పెట్టుటకు పూర్వమే యిది మన నేలపై పూచుచుండెను. రెండు మూడడుగులకు మించి యెదుగదు. ఏండ్ల తరబడి బ్రతుకును. నీరు నిలువని నేల, మాగిన పశువుల యెరువు, మధ్యాహ్నపు వేళ కొంచెము నీడ, మొక్కకు మొక్కకు అడుగు దూరము, ఇంతియే దీని కోరిక. వెన్నున పువ్వులు క్రిందినుండి పైకి వరుసగా విచ్చును గనుక దినము విడిచి దినము కోసికొనవచ్చును. పూత ముగిసిన వెన్నులను త్రుంచివేసినచో క్రొత్త చిగురు పుట్టును. ఎండిన కాయపై వాన చినుకు పడినంతనే యది చిటిలి గింజలను దూరముగా విసరును. విత్తుటకు వేఱొకరి సాయము దీనికి అక్కఱలేదు.

ఇప్పుడు పలు యిండ్లలో పెద్ద పువ్వుల ఢిల్లీ కనకాంబరము నాటుచున్నారు. అది సొగసైనదే, కాని విత్తు పట్టదు, కొమ్మ కత్తిరించి నాటవలసినదే. ఒకే మొక్కకు ప్రతిరూపములగు వానిలో నొకదానిని కూల్చిన తెగులు తక్కినవానిని కూల్చుటకు వెనుదీయదు. కావున దానిని పెంచువారు సైతము విత్తుగట్టు నాటు మొక్కలు రెండైనను పెరటిలో నిలుపుకొనవలెను. విత్తనము చేజారినవాడు స్వతంత్రుడు కాడు.

ఈ పూమొక్కకు మహాశత్రువు నేలలోని నులిపురుగు. అది వేళ్లయందు బుడిపెలు పుట్టించి మొక్కను పసుపువన్నెకు దెచ్చి చంపును. నీరు చాలలేదని భ్రమపడి మఱింత నీరు పోయుటయు, చచ్చినచోటనే మరల నాటుటయు మనవారి పొరపాటు. చోటు మార్చవలెను, వేపపిండి వేయవలెను, నడుమ నడుమ బంతి నాటవలెను. బంతి వేళ్లు ఈ పురుగును అణచును.

బంతి మెక్సికో దేశమునుండి వచ్చినదని యెఱిగినవారు కొలదిమందియే. పరాయినేల పువ్వు మన పువ్వునకు కావలి కాయుచున్నది! స్వదేశాభిమానమనగా వచ్చినవారిని గెంటివేయుట గాదు. మన విత్తనమును మనము పోగొట్టుకొనకుండుట.