వరాహ సంరక్షణ – వ్యాధి నివారణ

మానవుడు ప్రాచీన కాలం నుండి మచ్చిక చేసుకున్న జంతువులలో పంది ఒకటి. దశావతారాలలో మూడవది వరాహావతారం. విజయనగర ప్రభువుల రాజలాంఛనంలో వరాహానికి చోటుంది. వారి కాలపు బంగారు నాణేనికి ‘వరహా’ అనే పేరు వచ్చింది. పురాణంలోనూ, ప్రభుత్వ ముద్రలోనూ ఇంతటి గౌరవం పొందిన ఈ జంతువు, నిత్యజీవితంలో మాత్రం ఊరి చివరికే పరిమితమైంది. దానిని పెంచేవారి కష్టసుఖాలు కూడా ఊరి దృష్టికి దూరంగానే ఉండిపోయాయి.

కడప నుండి తిరుపతికి పోయే దారిలో, కోదండరామాలయంతో ప్రసిద్ధి పొందిన ఒంటిమిట్ట ఉంది. ఈ ప్రాంతమంతా వానను నమ్ముకోలేని సీమ. ఇటువంటి చోట భూమి లేని పేద కుటుంబాలకు పశుపోషణ పెద్ద ఆధారం. గొర్రెలు, మేకలు, కోళ్లతో పాటు పందులను పెంచి జీవించేవారు రాయలసీమ అంతటా ఉన్నారు. బుట్టలల్లడం, ఎరుక చెప్పడం వలెనే పందుల పెంపకం కూడా ఎరుకలవారికి తరతరాల వృత్తి. ఆడపంది గర్భకాలం సుమారు 114 రోజులు. కనుక అది ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఇంట్లో పెళ్లి వచ్చినా, పిల్లల చదువుకు రుసుము కట్టవలసి వచ్చినా, ఒక పందిని అమ్మి అవసరం గడుపుకుంటారు. కాబట్టి దొడ్డిలో వ్యాధి ప్రవేశించడమంటే ఆ ఇంటి నిల్వధనం నశించడమే.

పందులకు వచ్చే వ్యాధులలో అత్యంత భయంకరమైనది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. దీనిని మొదట కెన్యా దేశంలో గుర్తించి, 1921లో శాస్త్రీయంగా వర్ణించారు. 1957లో ఇది ఆఫ్రికా దాటి పోర్చుగల్ చేరింది. విమానాలలో మిగిలిన ఆహారాన్ని లిస్బన్ విమానాశ్రయ సమీపంలోని పందులకు మేపడమే అందుకు కారణం. 2007లో జార్జియాలోనూ, 2018లో చైనాలోనూ ఈ వ్యాధి బయటపడింది. 2020లో మన దేశంలోని అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో కనిపించింది. 2022 నాటికి దక్షిణాన కేరళలోని వయనాడు జిల్లాకు చేరింది. పంది ఇంతింత దూరాలు నడిచిపోలేదు. మనుషుల రాకపోకలు, వాహనాలు, మాంసం, ఎంగిలి ఆహారం వ్యాధికి కాళ్లవుతున్నాయి.

ఈ వ్యాధి సోకిన పందికి తీవ్రమైన జ్వరం వస్తుంది. అది మేత మానివేస్తుంది. చెవులు, పొట్ట, కాళ్లపై చర్మం ఎర్రగా గాని నీలంగా గాని మారుతుంది. తీవ్రరూపంలో కొద్ది రోజులలోనే మరణం సంభవిస్తుంది. మందలో ఒక్కటీ మిగలకపోవచ్చు. దీనికి చికిత్స లేదు. వియత్నాం 2023లో కొన్ని టీకాల వాడకానికి అనుమతినిచ్చింది గాని, మన దేశపు రైతులకు ఆ టీకాలు అందుబాటులో లేవు. ఇది మనుషులకు సోకదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ అనే మరొక వ్యాధి లక్షణాలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి. దాని వైరస్ వేరు. దానికి టీకా ఉంది. చూపుతో ఈ రెండింటిని వేరు చేయలేరు. పశువైద్యుడు సేకరించిన నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడే నిజం తెలుస్తుంది. ఇటువంటి ప్రమాదకర వ్యాధుల నిర్ధారణకు భోపాల్‌లో జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ పనిచేస్తున్నది.

పాశ్చాత్య దేశాలలో చిన్నజాతి పందులను ముద్దుగా ఇళ్లలో పెంచుకోవడం ఒక అలవాటు. పెరిగి పెద్దవైన తరువాత యజమానులు వదిలివేసిన వాటికి అక్కడ ఆశ్రయశాలలు ఏర్పడ్డాయి. ఆ ఆశ్రయశాలకూ, మన పల్లెలోని ఉమ్మడి దొడ్డికీ పోలిక ఉంది. వేర్వేరు చోట్ల నుండి వచ్చిన పందులు ఒకే కప్పు కింద, ఒకే తొట్టి వద్ద చేరుతాయి. ఒకదాని జబ్బు అన్నింటి జబ్బవుతుంది. అందువలన రెండు చోట్లా పాటించవలసిన నియమాలు ఒక్కటే.

మొదటి నియమం వేరుగా ఉంచడం. కొత్తగా కొన్న పందిని, సంతకు పోయి అమ్ముడుపోక తిరిగి వచ్చిన పందిని నేరుగా మందలో కలపరాదు. కనీసం 30 రోజులు దూరంగా మరొక పాకలో కట్టి, మేత, జ్వరం, నడక గమనించాలి. వ్యాధి శరీరంలో దాగి ఉండే కాలం అంతకు తక్కువే గనుక, జబ్బు ఉంటే ఆ గడువులో బయటపడుతుంది. వేరుగా ఉన్న పందికి బకెట్టు, పార, చెప్పులు కూడా వేరుగా ఉండాలి. పనివాడు ఆరోగ్యంగా ఉన్న మందను ముందు చూసి, కొత్తదానిని చివర చూడాలి.

రెండవ నియమం పరిశుభ్రత. పేడ, మూత్రం, బురద అంటుకున్న నేల మీద బ్లీచింగు ద్రావణం చల్లినా ఫలితముండదు. మురికి ఆ మందు బలాన్ని హరిస్తుంది. ముందుగా ఊడ్చి, సబ్బునీటితో కడిగి, ఆరిన తరువాతనే క్రిమిసంహారిణిని చల్లి అరగంట ఉంచాలి. వాకిట్లో మందునీటి తొట్టి పెట్టి, వచ్చేవారు ముందు చెప్పుల మురికిని కడుక్కొని, తరువాత అందులో పాదరక్షలను ముంచేటట్లు చూడాలి.

మూడవ నియమం ఆహారానికి సంబంధించినది. హోటళ్లలో, విందులలో మిగిలిన పదార్థాలను పందులకు పెట్టడం మన పల్లెలలో సామాన్యం. అందులో పందిమాంసపు తునకలుంటే వైరస్ వాటిలో చాలాకాలం బ్రతికి ఉంటుంది. మాంసం కలిసిన ఎంగిలిని పెట్టకపోవడం ఉత్తమం. తప్పనిసరి అయితే అరగంట సేపు కలియబెడుతూ మరిగించి, చల్లార్చి పెట్టాలి. చచ్చిన పందిని వంకలోనో, చెరువు గట్టునో పారవేయరాదు. శేషాచలం, లంకమల అడవులలో అడవిపందులున్నాయి. వాటికి కూడా ఈ వ్యాధి సోకుతుంది. కళేబరాన్ని లోతుగా గోతిలో పూడ్చి సున్నం చల్లాలి.

పంది ఆరోగ్యంతో మనిషి ఆరోగ్యానికి కూడా సంబంధముంది. మెదడువాపు వ్యాధి వైరస్ పందుల శరీరంలో వృద్ధి చెందుతుంది. వరిమళ్ల నీటిలో పెరిగే దోమలు దానిని మనుషులకు చేరుస్తాయి. కర్నూలు జిల్లాలో ఈ దోమలపై హైదరాబాదు శాస్త్రజ్ఞులు పరిశోధనలు జరిపారు. వ్యాధి పీడిత జిల్లాలలో పిల్లలకు టీకాలు వేసే కార్యక్రమాన్ని ప్రభుత్వం 2006లో ప్రారంభించింది. పందుల పాకలు ఇళ్లకు దూరంగా ఉండడం, చుట్టూ నీరు నిలువకుండా చూడడం ఊరందరికీ మేలు చేస్తుంది.

ఇన్ని నియమాలు తెలిసినా వ్యాధి వ్యాపించడానికి ఒక కారణం భయం. జబ్బు సంగతి తెలిస్తే మందనంతా చంపివేస్తారని పేదవాడు భయపడతాడు. రాత్రికి రాత్రే మిగిలినవాటిని చౌకగా అమ్మివేస్తాడు. ఆ పందులతో వ్యాధి పది ఊళ్లకు పోతుంది. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో చేసిన కేంద్ర చట్టం ప్రకారం వ్యాధిని వెంటనే తెలియజేయడం యజమాని బాధ్యత. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అదుపునకు చంపిన పందులకు పరిహారం చెల్లించే ఏర్పాటు కూడా ఉంది. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం భరిస్తాయి. ఆ పరిహారం సకాలంలో చేతికందుతుందన్న నమ్మకం ఉన్నప్పుడే పేదవాడు నిజం చెప్పగలుగుతాడు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాల ఈ సీమకు దగ్గరలోనే ఉన్నాయి. అక్కడి విజ్ఞానం ఊరి చివరి పాక వరకు చేరాలి.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. మందు లేని వ్యాధికి ముందుజాగ్రత్తే మందు. ఆ జాగ్రత్త పంది యజమాని ఒక్కడి పని కాదు. ఎంగిలిని ఇచ్చే హోటలువాడు, సంతకు వచ్చే వ్యాపారి, పశువైద్యుడు, ప్రభుత్వం అందరూ అందులో భాగస్వాములే. ఊరి చివరనున్న దొడ్డి క్షేమంగా ఉన్నప్పుడే ఊరు క్షేమంగా ఉంటుంది.