కోపాన్ రాతిమెట్ల కథ

తాటాకుల గ్రంథమునకు దారము తెగినచో ఏమగును? ఆకులన్నియు మనవద్దనే యుండును, అక్షరములును చెరగవు. కాని ఏ ఆకు ముందో, ఏది వెనుకో తెలియక కథ తెగిపోవును. మధ్య అమెరికాలోని హోండురాస్ దేశమున, గ్వాటిమాలా సరిహద్దు చెంత, ఇట్టి రాతిగ్రంథ మొకటి కలదు. మాయా జాతివారి ప్రాచీన నగరమగు కోపాన్‌లోని ఆ శాసన సోపానమును గూర్చి శ్రోతలకు మనవి చేయుచున్నాము.

క్రీ. శ. 426లో యాష్ కుక్ మో అను రాజు ఇచ్చట రాజవంశమును స్థాపించెను. ఆ వంశమున పదునారుగురు రాజుల ప్రతిమలను, 776 నాటి చతురస్రపు రాతిపీఠము చుట్టును, ప్రక్కకు నలుగురు చొప్పున నేటికిని చూడవచ్చును. 738లో పదుమూడవ రాజును, తనకు లోబడియుండిన క్విరిగ్వా పాలకుడే బంధించి శిరచ్ఛేదము చేయించెను. ఆ యవమానమును మాపుటకో యన్నట్లు, పదునైదవ రాజు తన పూర్వుల చరిత్రను చెక్కిన మెట్లవరుసను 755 ప్రాంతమున పూర్తి చేయించెను. మెట్లు అరువదికి పైగా. లిపిచిహ్నములు సుమారు 2,200. మాయా శాసనములలో ఇంతకంటె దీర్ఘమైనది లభింపలేదు.

నగరము పాడుపడిన పిదప మెట్లలో అధికభాగము జారిపడెను. పందొమ్మిదవ శతాబ్ది చివర త్రవ్వినవారికి దిగువ మెట్లు మాత్రమే స్వస్థానమున కనిపించెను. 1930 తరువాత కార్నెగీ సంస్థవారు పడిన రాళ్ళను మరల నిలిపిరి. కట్టడములను కోయుచుండిన నదిని మళ్ళించి రక్షించినదియు వారే. కాని నాటికి ఆ లిపిలో తేదీలు, అంకెలు తప్ప తక్కినది చదువగలవారు లేరు. మాయా గ్రంథములు పెక్కింటిని 1562లోనే, మానీ పట్టణమున, స్పెయిన్ మతగురువు డియేగో డి లాండా తగులబెట్టించెను. కావున రాళ్ళను చాలవరకు ఊహనుబట్టి పేర్చవలసి వచ్చెను, క్రమము చెడెను.

తాళపుచెవి తరువాత దొరకెను. 1952లో యూరీ క్నొరోజొవ్ ఆ చిహ్నములలో పెక్కులు ధ్వనులను తెలుపునని వెల్లడించెను. 1960లో తత్యానా ప్రొస్కురియకోవ్ అను విదుషి, ఆ శాసనములలో నున్నవి రాజుల జనన పట్టాభిషేకములని నిరూపించిరి. ఇపుడు రాతిని చదువవచ్చును. కాని ప్రక్కరాయి ఏదో తెలియవలెను. అందులకు పండితులు మొదటి త్రవ్వకముల నాటి ఛాయాచిత్రములను వెదకి సరిపోల్చిరి.

పడిన రాయిని ఎత్తుటకు బలము చాలును. అది ఎచ్చట, ఎట్లు పడియున్నదో ముందుగా చిత్రించి యుంచుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పు ఫలమును అనుభవించువారు, ఆ లిపి చదువగలిగిన రాబోవు తరమువారు.