సీసం మానిన ఇంజను

పెట్రోలు లారీలు మన రోడ్ల మీద అరుదు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడిస్ బెంజ్ లారీల తయారీ మొదలయ్యాక బరువు మోసే పని క్రమంగా డీజిలు చేతికి వెళ్లింది. మిగిలిన పాత పెట్రోలు లారీలను, జీపులను ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఒక భయం ఉంది: సీసం లేని పెట్రోలు వాల్వులను తినేస్తుందని.

నిజానికి తినేది వేడి. ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు పోత ఇనుప సీటు మీద వాలుతుంది. వాలినప్పుడు రెండు లోహాలూ అక్కడక్కడా అతుక్కుంటాయి, లేచేటప్పుడు సీటు రేణువులు ఊడొస్తాయి. పెట్రోల్లోని సీసం కాలి, ఆ రెంటి మధ్య పలుచని పొరగా నిలిచి అతుకు పడనిచ్చేది కాదు. అసలు సీసం కలిపింది ఇందుకు కాదు. 1921 డిసెంబరులో అమెరికాలో ఇంజనీరు థామస్ మిడ్‌గ్లీ దాన్ని ఎంచుకున్నది నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజను టకటక కొట్టుకోవడం) ఆపడానికి. వాల్వులకు అందింది కొసరు. ఆ కొసరు ఉంది కదా అని చాలా కంపెనీలు దశాబ్దాలపాటు గట్టి సీట్ల జోలికి పోలేదు.

మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరిలో వచ్చింది. అది ఎంత అవసరమో బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక గ్రామాన్ని చూస్తే తెలుస్తుంది. అంకుడు కర్రను తిప్పి చేసే అక్కడి లక్కబొమ్మలకు అక్కడి కళాకారుడు సి.వి. రాజు చొరవతో, సీసం ఉండే అవకాశమున్న రసాయన రంగుల బదులు ఆకులు, గింజలు, బెరళ్ల రంగులు తిరిగొచ్చాయి. పసివాళ్లు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు, సీసం వాళ్ల మెదడును దెబ్బతీస్తుంది. బొమ్మను నోట్లోంచి తీసేయగలం, పొగగొట్టంలోంచి వచ్చే సీసాన్ని పీల్చకుండా ఏ తల్లి ఆపగలదు? ఇంజను కోసం ఆ విషాన్ని కొనసాగించడం ఎన్నటికీ న్యాయం కాదు.

ఇంజనుకు దారి ఉంది. తక్కువ లోడుతో, నిదానంగా తిరిగే బండికి ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. ముప్పల్లా లోడుతో గంటల కొద్దీ వేగంగా లాగే బండికే. ట్యాపెట్ గ్యాపు మాటిమాటికీ తగ్గుతుంటే సీటు దిగుతోందన్నమాట. అప్పుడు హెడ్డు దించి, పాత సీటు తొలిపించి, గట్టి మిశ్రలోహపు రింగు కొట్టించాలి. ఆ పని ఒకసారి చేయిస్తే చాలు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. మద్యసారం నాకింగ్‌ను ఆపుతుందని మిడ్‌గ్లీ బృందానికీ తెలుసు. సీట్లకు మాత్రం అది రక్షణ ఇవ్వదు. పైగా పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోలేవు కాబట్టి ముందుగానే మార్పించుకోవాలి.