చుక్కలు కలిపి చూడండి

తల్లిపాలు తాగే బిడ్డ బరువు నెమ్మదిగా పెరుగుతుంటే ఇంట్లో మొదట వినిపించే మాట ‘డబ్బా పాలు’. అంతకన్నా ముందు తెరవాల్సిన కాగితం ఒకటుంది.

తల్లిపాలు అమృతమని చెప్పే వ్యాసాలు ఏటా ఆగస్టు మొదటి వారంలో, తల్లిపాల వారోత్సవాలప్పుడు, వస్తూనే ఉంటాయి. రాత్రీపగలూ పాలిస్తున్నా బిడ్డ ఒళ్లు చేయడం లేదని దిగులుపడే తల్లికి వాటిలో దొరికే ఆసరా తక్కువ. అందుకే ఆ తల్లి ఇంట్లోనే ఉండే ఒక కాగితాన్ని పట్టుకుని బయల్దేరాను. గర్భిణిగా పేరు రాసుకున్నప్పుడు చేతికిచ్చే తల్లీబిడ్డల కార్డు అది. టీకాల తేదీల కోసం దాన్ని అందరూ తెరుస్తారు. పెరుగుదల చార్టు ఉన్న పేజీకి మాత్రం ఆ గిరాకీ లేదు. నా దృష్టిలో కార్డు మొత్తానికీ ప్రాణం ఉన్నది ఆ పేజీలోనే.

ఆడపిల్లకు ఒకటి, మగపిల్లాడికి ఒకటి, రెండు చార్టులుంటాయి. కింద నెలలు, పక్కన కిలోలు. ఆకుపచ్చ పట్టీలో చుక్క పడితే వయసుకు తగ్గ బరువు, పసుపులో పడితే తక్కువ, నారింజలో పడితే మరీ తక్కువ. బిడ్డను తూచిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టాలి, ముందు చుక్కతో కలిపి గీత గీయాలి. పని అంతే. ఆ గీత ఎంత మాట్లాడుతుందో చూడటానికి ఇద్దరు ఆడపిల్లల్ని ఊహించుకుందాం.

మొదటి పాప 2.6 కిలోలతో పుట్టింది. నెలకు 3.4, రెండో నెలకు 4.1, మూడుకు 4.7, నాలుగు నిండేసరికి 5.2. చుట్టాలు వచ్చినప్పుడల్లా ‘గింత సన్నగున్నదేంది’ అంటారు. రెండో పాప 3.4 కిలోలతో బొద్దుగా పుట్టింది. నెలకు 4.3, తర్వాత 4.9, 5.2, నాలుగో నెలకు 5.3. చుట్టాలు ముద్దు చేస్తారు. నాలుగో నెలలో ఇద్దరి చుక్కా ఆకుపచ్చలోనే ఉంది, రెండో పాపే వంద గ్రాములు ఎక్కువ. ఇప్పుడు చుక్కలు కలపండి. మొదటి పాప నెలనెలా 800, 700, 600, 500 గ్రాములు పెరిగింది. చార్టులోని వంపు ఎలా ఉందో ఆ గీతా అలాగే పోతోంది. రెండో పాప 900, 600, 300, 100 పెరిగింది. సగటు గీతకు పైన మొదలై, పట్టీ అడుగుకు జారుతోంది. సాయం కావాల్సింది ఈ బొద్దు పాపకే. ఒక్క నెల బరువు చూసినవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఎత్తుకుని చూసినవాళ్లకు అసలే తెలియదు.

ఈ లెక్కకు మూడు గుర్తులు చాలు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు పదో వంతు దాకా తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకు రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఈ నెలల్లో పెరుగుదల నెలకు 500 గ్రాముల లోపే ఉంటే పాలు సరిగా అందడం లేదేమోనని చూడాలి.

చుక్కలు తప్పుగా పడే దారీ ఒకటుంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. ఆస్పత్రిలో ఒక తూకం, అమ్మగారి ఊరి అంగన్‌వాడీలో ఒకటి, అత్తగారింటికి వెళ్లాక ఇంకొకటి. మూడు త్రాసులు, మూడు రకాల బట్టలు. వేలాడదీసే త్రాసులో గీతకూ గీతకూ మధ్య 100 గ్రాములుంటే వారంలో పెరిగిన 150 గ్రాములు సరిగా తేలవు. అప్పుడే కడుపునిండా తాగిన బిడ్డకూ, ఆకలితో ఏడుస్తున్న బిడ్డకూ తేడా కూడా దాదాపు అంతే. కాబట్టి బరువు తగ్గిందని వినగానే అదిరిపోకుండా, బట్టలు విప్పించి, అదే త్రాసు మీద ఇంకోసారి తూయమని అడగాలి.

చార్టు చరిత్ర రెండు ముక్కల్లో: నైజీరియా పల్లెలో పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే వైద్యుడు బిడ్డ చార్టును తల్లి చేతికే ఇచ్చే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. 1977లో అమెరికా తయారుచేసి తర్వాత ప్రపంచమంతా వాడిన చార్టులో పసిపిల్లల కొలతలు ఒహాయోలోని ఒక చిన్న ఊరివి, వాళ్లలో ఎక్కువమంది సీసాపాల పిల్లలు. తల్లిపాల బిడ్డలు మొదటి రెండు మూడు నెలలు చురుగ్గా పెరిగి తర్వాత కాస్త నెమ్మదిస్తారు. ఆ చార్టు మీద వాళ్లు వెనకబడినట్టు కనిపించేవారు, డబ్బా చేతికొచ్చేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచి, తల్లిపాల బిడ్డనే ప్రమాణంగా పెట్టి 2006లో కొత్త చార్టు ఇచ్చింది. మన కార్డులో ఉన్నది ఆ చార్టే.

అనవసరపు భయం ఒకవైపైతే, అనవసరపు ధీమా ఇంకోవైపు. ‘అమ్మా నాన్నా సన్నమే, బిడ్డ కూడా అంతే’ అనేస్తారు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త, పేద దేశాల పిల్లలు చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారని వాదించాడు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ సి.గోపాలన్ దానికి గట్టిగా అడ్డం తిరిగారు. చిన్నగా ఉండటం పేదవాడి బిడ్డకైతే సరే, ఉన్నవాడి బిడ్డకైతే కాదా అన్నది ఆయన ప్రశ్న. తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 31.8 శాతం వయసుకు తగ్గ బరువు లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పాక, ఆ ధీమాకు చోటెక్కడిది?

గీత పడుకుందనుకుందాం. జహీరాబాద్ బస్తీల్లో, చుట్టుపక్కల ఝరాసంగం, న్యాల్‌కల్ పల్లెల్లో ఆడవాళ్ల నోట వెంటనే వచ్చే మాట ‘పాలు సాల్తలేవు’. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ ఇదే దిగులు. చాలాసార్లు తల్లి దగ్గర పాలుంటాయి, బిడ్డకు చేరవు. తాగేకొద్దీ ఊరే పాలివి. మిగిలిపోతే ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే మొదటి పరీక్ష పాలు తాగుతున్నప్పుడు పక్కన కూర్చుని చూడటం. నోరు బాగా తెరిచిందా? గడ్డం రొమ్ముకు ఆనిందా? కింది పెదవి బయటికి తిరిగిందా? చనుమొన మాత్రమే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లిందా? గుటక వినిపిస్తోందా, లేక ఊరికే చప్పరిస్తోందా? తల్లికి నొప్పి పుడుతుంటే పట్టు సరిగా లేనట్టే. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, దేశంలో అన్నింటికన్నా ఎక్కువ. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లికి బిడ్డను ఎలా పట్టుకోవాలో చూపించే మనిషి పక్కన ఉండాలి.

పట్టు కుదిరాక లెక్క. రాత్రితో కలిపి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. ఒక వైపు పూర్తిగా తాగనిచ్చి రెండో వైపు. రెండు చుక్కలు తాగి నిద్రపోయే బిడ్డను బట్టలు వదులు చేసి, అరికాళ్లు నిమిరి లేపాలి. రొమ్మును మెల్లగా నొక్కుతుంటే పాలధార ఆగదు. తాగాక మిగిలినవి చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టించాలి. చక్కెర నీళ్లు, ఘుట్టీ, గ్రైప్ వాటర్, తేనె, ఆముదం ఆరు నెలల దాకా వద్దు. తల్లిపాలలో 88 శాతం నీళ్లే, ఎండాకాలం కూడా విడిగా నీళ్లు అక్కర్లేదు. చిన్న పొట్టలో ఇవి నిండితే పాలకు చోటుండదు.

ఇన్ని చేసినా గీత లేవకపోతే కారణం వెతకాలి. తల్లికి రక్తహీనత, థైరాయిడ్, గర్భసంచిలో మిగిలిన మాయ ముక్క, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు. బిడ్డకు నాలుక కింద బిగుతు, మూత్రంలో ఇన్ఫెక్షన్, గుండె లోపం. కొందరు బిడ్డలకు కొన్నాళ్లు పైపాలు అవసరమే అవుతాయి. డాక్టరు చెప్పిన కొలతలో, గిన్నెతో ఇస్తూ, తల్లి పాలివ్వడం ఆపకుండా నడిపితే అందులో ఓటమి లేదు. బిడ్డ ఆకలి తీరడమే ముందు. నా పేచీ డబ్బా మొదటి మందు కావడం మీదే. 1992లో చేసిన చట్టం పసిపిల్లల డబ్బా పాలకు ప్రకటనల్నీ, ఉచిత నమూనాల్నీ నిషేధించింది. కంగారులో ఉన్న తల్లికి అమ్మకం సులువని చట్టం చేసినవాళ్లకు తెలుసు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

• రోజుకు ఆరుసార్ల కంటే తక్కువ మూత్రం, అదీ ముదురు పసుపు రంగులో.
• రెండు వారాలు దాటినా పుట్టిన బరువు రాకపోవడం. బరువు తగ్గుతూ పోవడం.
• పాలు తాగుతూ చెమటలు పట్టడం, ఆయాసం, పెదాలు నీలంగా మారడం.
• లేపినా తాగని మత్తు, జ్వరం, ఒళ్లు చల్లబడటం, ఆగని వాంతులు.
• నెలన్నర దాటిన తల్లిపాల బిడ్డ హుషారుగా ఉండి, బరువు పెరుగుతూ, కొన్ని రోజులు విరేచనం చేయకపోతే మాత్రం భయం లేదు.

బాలింత పళ్లెంలో

గోపాలన్ 1950ల్లోనే పేద తల్లుల పాలను పరిశీలించారు. అరకొర తిండితోనూ వాళ్లు నెలల తరబడి బిడ్డలకు పాలిచ్చారు. ఆ ఖర్చంతా తల్లి ఒంట్లోంచే. కాబట్టి పథ్యం పేరుతో నీళ్లూ కూరలూ కట్టడి చేయడం తల్లిని దెబ్బతీస్తుంది. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కాపాడుకున్న జొన్నలు, కొర్రలు, కందులు, చేలల్లో తమంత తాముగా మొలిచే ఆకుకూరలు బాలింతకు మంచి భోజనం. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట అన్నం, గుడ్డు, 200 మి.లీ. పాలు ఇచ్చే ఏర్పాటు ఉంది. కాన్పు తర్వాత ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలి. అంగన్‌వాడీ బాలామృతం బిడ్డకు ఏడో నెల నుంచే, అంతకు ముందు కాదు.

ఇందులో దేనికీ కొత్త పథకం అక్కర్లేదు. ఆస్పత్రి కాన్పయితే ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. టీకాలు 6, 10, 14 వారాలకు ఎలాగూ ఉన్నాయి. నాలుగో నెల లోపే ఎనిమిది తొమ్మిది చుక్కలు పెట్టే వీలు చేతిలో ఉంది. బిడ్డను తూచాక అంకె చెప్పి పంపేస్తే సగం పనే అయినట్టు. అమ్మా, కార్డు ముందుకు జరపండి. ‘చుక్క పెట్టండక్కా, గీత కలపండి’ అనండి. గీత పడుకుని ఉంటే ‘నేను పాలు పడ్తా, జర చూడండి’ అని అక్కడే కూర్చోండి. టీకాల రోజు రద్దీ ఎంతున్నా, ఆ తల్లి కూర్చోవడానికి త్రాసు పక్కన ఒక కుర్చీ, ఆమె పాలిచ్చేదాకా చూసే ఒక మనిషి ఉండాలి. ఏరియా ఆస్పత్రిలోనైనా, ఊరి అంగన్‌వాడీలోనైనా తల్లులు పట్టుబట్టి అడగాల్సింది ఇదే.