విస్మృతికి లోనైన గూఢచారి : ఒక కథావస్తు విచారము

గూఢచారి కథలను పండితులు సాధారణముగా విమర్శకు అర్హములని యెంచరు. రైలు ప్రయాణములో చదివి పారవేయదగిన కాలక్షేప గ్రంథములని వానిని త్రోసివేయుట వాడుక. ఐనను ఆ కథలలో ఒక తెగ మాత్రము నలువది యేండ్లకు పైగా పలుదేశముల పాఠకులను, ప్రేక్షకులను విడువక పట్టియున్నది. తన పేరు, ఊరు, పూర్వవృత్తాంతము సర్వము మరచిన గూఢచారి, శత్రువులు తరుముచుండగా, తానెవడో తానే వెదకుకొనుట ఆ తెగ కథలకు వస్తువు. దాని కింతటి ఆకర్షణ యెక్కడిదను నంశము విచారణీయము.

అమెరికా రచయిత రాబర్ట్ లడ్లమ్ 1980లో ప్రకటించిన 'ది బోర్న్ ఐడెంటిటీ' అను నవలను, దాని ననుసరించి 2002, 2004, 2007 సంవత్సరములలో వెలువడిన మూడు చలనచిత్రములను ఈ విచారణకు లక్ష్యములుగా గ్రహించుచున్నాను. మొదటి చిత్రమునకు డగ్ లైమన్, తక్కిన రెంటికి పాల్ గ్రీన్‌గ్రాస్ దర్శకులు. మూటియందును నాయకపాత్ర మాట్ డేమన్ ధరించెను.

ఈ వస్తువు లడ్లమ్ సొంత కల్పన మనుట సరికాదు. గ్రాహమ్ గ్రీన్ 1943లో ప్రకటించిన 'ది మినిస్ట్రీ ఆఫ్ ఫియర్' నవలయందు ఆర్థర్ రో అనువాడు బాంబు ప్రేలుడువలన జ్ఞాపకము గోల్పోయి, ఒక చికిత్సాలయమున వేరొక పేరుతో నివసించును. హిచ్‌కాక్ 1959లో తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' చిత్రమున ఒక సామాన్యుని చూచి, అసలు లేనేలేని గూఢచారి యని భ్రమపడి శత్రువులు తరుముదురు. మరపు ఒకచోట, పరుగు ఒకచోట నున్నవి. లడ్లమ్ ఈ రెంటిని ఒక్కని నెత్తిన బెట్టెను.

కథారంభము సుప్రసిద్ధము. మధ్యధరా సముద్రమున తేలుచున్న ఒకనిని చేపలు పట్టువారు పడవలోనికి లాగుదురు. వాని దేహమున తుపాకి గాయములు. తుంటి చర్మము క్రింద దాచిన ఒక సూక్ష్మవస్తువు. అందు జ్యూరిచ్ నగరపు బ్యాంకు ఖాతా గుర్తు. చిత్రమున, ఆ బ్యాంకు పెట్టె తెరవగా పెక్కు పాస్‌పోర్టులు, పలుదేశముల ధనము, ఒక తుపాకి కనబడును. పాస్‌పోర్టులన్నిటను ముఖ మొక్కటియే. పేర్లు మాత్రము వేరు. పేరు లేక వచ్చినవానికి పేర్లు మిక్కుటమైనవి.

ఇది చదువునపుడు మన పాఠకునకు శాకుంతలము జ్ఞప్తికి రాక మానదు. అచట ఆనవాలుటుంగరము చేపకడుపునుండి జాలరి చేతికి వచ్చెను. ఇచట మనుజుడే జాలరుల చేత చిక్కెను. ఆనవాలు వాని దేహమునందే యున్నది. లడ్లమ్ కాళిదాసును చదివెనని నేననను. మరపు, ఆనవాలు, ఎరుక అను మూడుమెట్లు ఏ దేశపు కథకునకైనను అందుబాటులోనివే. కాని భేద మొకటి కలదు. దుష్యంతుడు మరచినది శకుంతలను. తాను రాజునను మాట మరువలేదు.

అంతకంటె దగ్గరి పోలిక, తలక్రిందులైన పోలిక, విరాటపర్వమునందు లభించును. అజ్ఞాతవాసమున పాండవులకు తామెవరో తెలియును, లోకమునకు తెలియరాదు. బోర్న్ కథయందు లోకమునకు, అనగా వానిని చంపగోరు ప్రభుత్వశాఖకు, వాడెవడో తెలియును, వానికి తెలియదు. రెంటను నేర్పు దాగదు. వలలుడై వంటశాలయందున్న భీముని కీచకవధ బయటబెట్టెను. కీచకుని చంపజాలినవాడు భీముడు గాక వేరెవ్వడని దుర్యోధను డూహించెను. బోర్న్ ఆ యూహను తన్నుగూర్చి తానే చేసికొనవలసి వచ్చినది. జ్యూరిచ్ ఉద్యానమున రాత్రి పరుండియున్న వానిని ఇద్దరు పోలీసులు లేపి గద్దింతురు. వాని నోట అప్రయత్నముగా జర్మన్ భాష వెలువడును. మరుక్షణమున ఇద్దరును నేలగూలుదురు. చేతిలోనికి వచ్చిన తుపాకిని చూచి అందరికంటె మిన్నగా వెరగుపడినవాడు వాడే. మరియొకచోట ఫలాహారశాలలో కూర్చుండి, వెలుపల నిలిచిన ఆరు కార్ల నంబర్లును తనకు కంఠస్థములని గ్రహించి, ఇన్ని యెరిగిన తనకు తన సంగతి యేల తెలియదని తల్లడిల్లును. ఈ కథల ఆకర్షణకు మూలకందము ఈ సన్నివేశమే యని నా తలంపు. సాధారణమైన గూఢచారి కథయందు నాయకుడు ప్రేక్షకునికంటె ఎక్కువ యెరిగినవాడు. 1966 నాటి మన 'గూఢచారి 116' మొదలైన వానియందు నాయకుడు ముందు నడువగా మనము వెనుక పరుగెత్తుదుము. ఇచట ఇరువురును ఒకేచోట నిలిచియుందురు. వానికి తెలిసినంతయే మనకును తెలియును.

సర్వము మరచినవానికి విద్య మాత్రము మిగులునా యను శంక సహజము. మూర్ఛరోగ నివారణకై 1953లో మెదడునకు శస్త్రచికిత్స జరిగిన హెన్రీ మొలైసన్ అను నమెరికనునకు పిమ్మట క్రొత్త సంగతి యేదియు జ్ఞప్తియందు నిలువలేదు. ఐనను బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు వానిచేత అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయింపగా, గీసిన జ్ఞాపకము లేకయే దినదినము నేర్పు హెచ్చినది. చేతి స్మృతి వేరు, కథాస్మృతి వేరని దీనివలన తేలినది. ఇక పూర్వజీవితమునే మరచుటకు అన్సెల్ బోర్న్ దృష్టాంతము. రోడ్ ఐలండ్ రాష్ట్రపు మతబోధకుడగు నీతడు 1887 జనవరిలో ఇల్లు విడిచి, పెన్సిల్వేనియాయందలి నారిస్‌టౌన్‌లో బ్రౌన్ అను పేరిట చిన్న యంగడి పెట్టుకొని, మార్చిలో ఒక ఉదయమున మేల్కాంచి తా నెచట నున్నాడో తెలియక భయపడెను. 1890లో విలియమ్ జేమ్స్ వానిని వశీకరణనిద్రలో పరీక్షించి, రెండు జీవితముల స్మృతులను ఏకము చేయ యత్నించి విఫలుడయ్యెను. నాయకుని పేరునకు ఈ పేరుతో గల సామ్యము కేవలము కాకతాళీయ మనుట కష్టము. ఐనను పలుభాషలు, యుద్ధవిద్య తక్క తక్కినదంతయు తుడిచిపెట్టుకొనిపోవుట కథకుని సౌకర్యమే గాని వైద్యశాస్త్ర సమ్మతము గాదు.

ఇంతవరకు చెప్పినది కుతూహలమునకు సంబంధించినది. అసలు ప్రశ్న వేరు: వెదకి వెదకి కనుగొనిన 'తాను' దుష్టుడైనచో నేమి కావలెను? గ్రీకు నాటకమున రాజగు ఈడిపస్ హంతకుని వెదకి, ఆ హంతకుడు తానే యని గ్రహించెను. అట్టి ఎరుకయే విపర్యయముతో కూడి వచ్చునపుడు శ్రేష్ఠమని అరిస్టాటిల్ మతము. లడ్లమ్ అంచుదాక వచ్చి వెనుదీసెను. నవలయందు నాయకుడు తాను కెయిన్ అను ఘోరహంతకుడనని నమ్మి కుమిలిపోవును. తుదకు, కార్లోస్ అను హంతకుని వల వేసి పట్టుటకై ఇతరులు చేసిన హత్యలను వాని పేర ప్రచారము చేసిరని తేలును. పాఠకుడు ఊపిరి పీల్చుకొనును, కాని పరిశోధన ఫలము చప్పబడినది.

చలనచిత్రము లా దయ చూపలేదు. మొదటి చిత్రమున, ఓడలో నిద్రించుచున్న నాయకుని చంపబోయి, అతని యొడిని పిల్లను చూచి కాల్చలేకపోవుటయే వాని మరపునకు కారణము. రెండవ చిత్రమున, తాను బెర్లిన్‌లో చంపిన దంపతుల కుమార్తెను వెదకుచు మాస్కోకు పోవును. తల్లియే తండ్రిని చంపి తానును మరణించెనని ఆ పిల్ల నమ్మియున్నది. అది నిజము గాదని, చంపినవాడను నేనని చెప్పి, వాడు గాయములతో వెడలిపోవును. తుపాకుల మోత, కార్ల పరుగు నిండిన చిత్రమున ఈ నిశ్శబ్దదృశ్యము నిలుచుట విశేషము. ఇచట స్మృతి సంపద గాదు, ఋణము. మూడవ చిత్రమున తెలియునది మరింత కఠినము: డేవిడ్ వెబ్ అను తాను ఈ పనికి స్వయముగ చేరెను, ముసుగు కప్పిన మనుజుని, అతడెవడో యెరుగకయే కాల్చెను.

ఈ మార్పునకు కాలము కొంత కారణము. 1975లో ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతను సెనేట్ సంఘము సి.ఐ.ఏ. విదేశనాయకుల హత్యలకు పన్నిన కుట్రలను బయటబెట్టినది. 1953లో ఆరంభమై, మనుష్యులకు తెలియకుండ మత్తుద్రవ్యములిచ్చి పరీక్షించిన యేర్పాటును ఆ దశకముననే వెలుగు చూచెను. దర్శకుడు లైమన్ తండ్రి ఆర్థర్ లైమన్, 1987లో ఇరాన్-కాంట్రా వ్యవహారమును విచారించిన సెనేట్ సంఘమునకు ప్రధాన న్యాయవాది. తమ పేర ప్రభుత్వము రహస్యముగ నేమేమి చేసెనో ఆలస్యముగ తెలిసికొనిన ప్రజలకు, తాను చేసినది తనకు తెలియని నాయకుడు పరాయివాడుగ తోచకుండుట వింత గాదు.

2016లో గ్రీన్‌గ్రాస్, డేమన్ మరల కలిసి 'జేసన్ బోర్న్' అను చిత్రమును తెచ్చిరి. అప్పటికి నాయకునకు సర్వము జ్ఞప్తికి వచ్చియున్నది. పోరాటములు మునుపటివే, వేగము మునుపటిదే. వెదకుటకు మాత్ర మేమియు మిగులలేదు. కావున కథకులు వాని తండ్రి రహస్యమొకటి కల్పించి, దానిని త్రవ్వుటకు వానిని పంపిరి.